గోదారి నుంచి వచ్చి అమీర్‌పేటలో మెట్రో మారడం ఎలా

రావులపాలెంలో బస్సు మారినవాళ్లకు, నిడదవోలులో రైలు మారినవాళ్లకు అమీర్‌పేట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. అక్కడ తికమక పడేవాళ్లలో చాలామంది తప్పు అమీర్‌పేటలో చేయరు, ఊళ్లో టికెట్ తీసినప్పుడే చేస్తారు. దిగాల్సిన చోటు సరిగా ఎంచుకుంటే సగంమందికి అసలు మారే పనే ఉండదు.

ముందు లైన్ల సంగతి. హైదరాబాద్ మెట్రోలో మూడు లైన్లున్నాయి. ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నీలి లైను నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, ఆకుపచ్చ లైను జేబీఎస్ (జూబ్లీ బస్టాండు) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్టాండు) దాకా నడుస్తాయి. ఎరుపూ నీలం కలిసేది అమీర్‌పేటలో. ఎరుపూ ఆకుపచ్చా ఎంజీబీఎస్‌లో కలుస్తాయి, నీలం ఆకుపచ్చా పరేడ్ గ్రౌండ్ దగ్గర. అంతా స్తంభాల మీదే నడుస్తుంది కాబట్టి సొరంగం రైలని భయపడే పెద్దవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి. అమీర్‌పేట 2017 నవంబరులో మొదలైంది. అక్కడి నుంచి హైటెక్ సిటీ దాకా రైలు 2019 మార్చిలో వచ్చింది, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో.

మీకు మారే పని ఉందా లేదా

సికింద్రాబాద్‌లోనో బేగంపేటలోనో రైలు దిగి హైటెక్ సిటీ, మాదాపూర్, రాయదుర్గం వైపు వెళ్లేవాళ్లు అమీర్‌పేటలో దిగనక్కర్లేదు. నీలి లైను అటు నుంచి ఇటు ఒకటే. ఎక్కిన సీట్లోనే కూర్చోండి. అమీర్‌పేటలో జనం బిలబిలా దిగిపోతుంటే మనమూ దిగాలేమోనని సంచులు పట్టుకుని లేచేవాళ్లు రోజూ కనిపిస్తారు. లేచారా, మీ సీటు పోయినట్టే.

మారాల్సినవాళ్లు రెండు రకాలు. ఎల్బీనగర్, ఎంజీబీఎస్, నాంపల్లి వైపు నుంచి ఎర్ర లైనెక్కి హైటెక్ సిటీ వైపు పోయేవాళ్లు మొదటి రకం. సికింద్రాబాద్‌లో దిగి కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్ వైపో, ఇటు పంజాగుట్ట వైపో పోయేవాళ్లు రెండో రకం.

ఊళ్లోనే తేల్చుకోవాల్సినది: ఎక్కడ దిగాలి

అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వాళ్లకు ఇంటి దగ్గర రైలు లేదు. వాళ్లు రాజమండ్రో, తాడేపల్లిగూడెమో, పాలకొల్లో వెళ్లి రైలెక్కాలి, లేదంటే నేరుగా బస్సే. అందుకని ముందు బస్సు సంగతి చూద్దాం.

విజయవాడ మీదుగా వచ్చే బస్సు హయత్‌నగర్, చింతలకుంట దాటి ఎల్బీనగర్ చేరుతుంది. ఊళ్లోకి పోయే బస్సులు అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్, లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ దాకా పోతాయి. తెల్లవారుజామున 5 గంటలకు ఎల్బీనగర్ చేరితే బస్సులోనే కూర్చోవడం మేలు. మెట్రో తొలి రైలు 6 గంటలకు గానీ లేదు, ఈలోగా ఖాళీ రోడ్ల మీద బస్సే మిమ్మల్ని అమీర్‌పేటలో దించేస్తుంది. అదే 7 దాటి చేరితే లెక్క తిరగబడుతుంది. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. అక్కణ్ణుంచి అమీర్‌పేట 16వ స్టేషన్, అరగంట పైచిలుకు. సంక్రాంతి తర్వాత తిరుగు ప్రయాణాల్లో అయితే మరో ఆలోచనే వద్దు, ఎల్బీనగర్‌లో దిగిపోవడమే. హయత్‌నగర్ రాగానే డ్రైవర్‌కి చెప్పి, చెప్పులు వేసుకుని, పై అరలో సంచి దించుకుని కూర్చోండి. చింతలకుంట దాటాక లేస్తే ఆలస్యమే.

ప్రైవేటు బస్సు బుక్ చేసేటప్పుడు ఒకటి అడగాలి. కొన్ని బస్సులు ఊళ్లోకి రాకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి వైపు పోతాయి. గచ్చిబౌలి, కొండాపూర్ వాళ్లకు అది వరం. దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు ఊరంతా చుట్టి రావడం.

ఇక రైలు. టికెట్ మీద ఉన్న స్టేషన్ పేరును బట్టి దారి మారుతుంది.

సికింద్రాబాద్ అని ఉంటే: 1వ నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొచ్చి రేతిఫైల్ బస్టాండు వైపు నడిస్తే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో వస్తుంది. అది నీలి లైను. అక్కణ్ణుంచి పరేడ్ గ్రౌండ్, పారడైజ్, రసూల్‌పుర, ప్రకాష్‌నగర్, బేగంపేట దాటితే అమీర్‌పేట. సికింద్రాబాద్ వెస్ట్ అని ఇంకో స్టేషనుంది, అది ఆకుపచ్చ లైను. గాంధీ ఆసుపత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఎంజీబీఎస్ వైపు వెళ్లేవాళ్లకే అది పనికొస్తుంది. పేర్లలో ఈస్ట్, వెస్ట్ చూసుకోకుండా ఆటోవాడికి “మెట్రో” అని మాత్రం చెప్పకండి.

బేగంపేట: లింగంపల్లి దాకా వెళ్లే నర్సాపురం, కాకినాడ బండ్లు ఇక్కడ ఆగుతాయేమో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. ఆగితే అమీర్‌పేట వాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. కొద్ది నడకతో బేగంపేట మెట్రో వస్తుంది, అమీర్‌పేట దాని పక్క స్టేషనే. సామాను ఎక్కువుంటే ఆటోలో నేరుగా ఇంటికే పోవచ్చు.

హైదరాబాద్ అని ఉంటే అది నాంపల్లి స్టేషను. బయటే నాంపల్లి మెట్రో, ఎర్ర లైను. అమీర్‌పేట 6వది.

లింగంపల్లి: ఇక్కడ మెట్రో లేదు. హైటెక్ సిటీ వెళ్లాలని ఇక్కణ్ణుంచి మియాపూర్ వెళ్లి, అమీర్‌పేట దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోవడం నవ్వులాట. ఎంఎంటీఎస్ లోకల్ ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట తర్వాత హైటెక్ సిటీ. అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషను వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషను వేరు. పేరు ఒకటే, చోటు ఒకటి కాదు. రెండింటి మధ్య ఆటో తప్పదు. మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చే బంధువుకి “హైటెక్ సిటీ స్టేషన్లో ఉంటాను” అని చెబితే మీరొక చోట, ఆయనొక చోట.

చర్లపల్లి: 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు ఇక్కడే ఆగిపోతున్నాయి. పక్కన మెట్రో లేదు. బస్సులోనో ఆటోలోనో ఉప్పల్, హబ్సిగూడ వైపు వచ్చి నీలి లైను ఎక్కాలి. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో వచ్చేవాళ్లు సికింద్రాబాద్ వెళ్లే వేరే బండి దొరుకుతుందేమో చూసుకోవడం మంచిది.

సామాను: ఇక్కడే అందరూ ఆగిపోయేది

మెట్రోలో సామాను ఎక్స్‌రే మెషీన్లో పెట్టాలి. పొడవు 60, వెడల్పు 45, మందం 25 సెంటీమీటర్లు, అంటే మామూలు చక్రాల పెట్టె పట్టే కొలత అనుకుని సర్దుకోండి. గోనెసంచి బియ్యం, కొబ్బరికాయల బస్తా, మడత మంచం దీనికి పనికిరావు. అవి బస్సు డిక్కీలోనో పార్సిల్లోనో రావాల్సిందే. వొలిచిన కొబ్బరికాయ ఒక్కోటి అరకిలో పైనే తూగుతుంది. ఇరవై కాయలు పెట్టారంటే పది కిలోలు అక్కడే అయిపోయాయి. పీచుతో తెస్తే బరువు, చోటు రెండూ దండగ. ఊళ్లోనే వొలిపించి, పిలక దగ్గర కొంచెం పీచు ఉంచి తీసుకురండి.

తనిఖీలో పట్టుకునేవి: కత్తిపీట, కొబ్బరి కొట్టే కత్తి, కొడవలి, గ్యాసు బుడ్డి, కిరోసిన్. కొత్త కాపురానికి సారె పంపేటప్పుడు కత్తిపీట కట్టడం మన అలవాటు. దాన్ని మాత్రం కారులో వచ్చేవాళ్ల చేతికివ్వండి. ప్రాణంతో ఉన్న కోడి, అది పందెందైనా కూరదైనా, మెట్రోలోకి రాదు. పచ్చి చేపలు, రొయ్యలు వాసన కొట్టినా, నీళ్లు కారినా ఆపేస్తారు. ఐసు పెట్టెలో పులస తెచ్చేవాళ్లకు స్టేషను నుంచి ఆటోయే నయం. వేలు పోసి కొన్న చేపతో మెట్రో గేటు దగ్గర వాదన దేనికి?

పచ్చళ్లు తెచ్చుకోవచ్చు, కారకుండా తెచ్చుకోవాలి. జాడీ వద్దు, మరమూత ఉన్న స్టీలు డబ్బా గానీ మందపాటి ప్లాస్టిక్ డబ్బా గానీ తీసుకోండి. మూతకి రెండు వేళ్ల కిందికే పచ్చడి పెట్టాలి. కొత్తావకాయ ఊరుతూ పొంగుతుంది, నిండా పెడితే సూర్యాపేట దాటకముందే నూనె బయటికొస్తుంది. డబ్బా అంచు పొడిగుడ్డతో తుడిచి, పలచటి పాలిథిన్ కాగితం మీద మూత బిగించి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో ఒకదాని తర్వాత ఒకటి ముడేయండి. చుట్టూ పేపర్లు కుక్కి అట్టపెట్టెలో నిలువుగా పెట్టి, పైన బాణం గుర్తు గీయండి. ఎక్స్‌రే బెల్టు మీద అట్టపెట్టెను పడుకోబెట్టకూడదు. నిలువుగా పట్టకపోతే డబ్బా బయటికి తీసి చూపిస్తామని అడగండి. నూనె కారిన పెట్టె మీ చొక్కా ఒక్కటే కాదు, పక్కవాళ్ల బ్యాగులు కూడా పాడు చేస్తుంది.

ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఏ సంచిలోనూ అడుగున పెట్టొద్దు. చేతిలోనే ఉండాలి. అమీర్‌పేట గుంపులో అయితే ఛాతీకి ఆనించి పట్టుకోవాలి, లేకపోతే ఇంటికెళ్లి విప్పేసరికి పొడి మిగులుతుంది. కాజాలకి ఈ బాధ లేదు.

టికెట్

మొత్తం ప్రయాణానికి ఒకటే టికెట్. ఎల్బీనగర్‌లో హైటెక్ సిటీకి తీసుకుంటే అమీర్‌పేటలో మళ్లీ కొనక్కర్లేదు. కౌంటర్లో క్యూఆర్ కాగితం ఇస్తారు, వాట్సాప్‌లోనూ తీసుకోవచ్చు. 2025 మే నెల సవరణ తర్వాత కనీస చార్జీ 11 రూపాయలు, గరిష్ఠం 69. దిగేటప్పుడు కూడా అదే క్యూఆర్ చూపించాలి కాబట్టి కాగితం మడతపెట్టొద్దు, తడపొద్దు. రాత్రంతా ప్రయాణించి వచ్చే ఫోన్లలో తెల్లారేసరికి చార్జింగ్ ఉండదు. ఇరవై శాతం కన్నా తక్కువుంటే కాగితం టికెట్టే మేలు. నలుగురి టికెట్లూ ఒకే ఫోన్లో ఉంటే ఆ ఫోన్ ఉన్న మనిషి ఆఖర్న గేటు దాటాలి. ఆయన ముందు పోతే మిగతా ముగ్గురూ గేటు ఇవతలే.

దొడ్డికి వెళ్లడం, మొహం కడుక్కోవడం రైల్వేస్టేషన్లోనో బస్టాండులోనో కానిచ్చుకుని రండి. గేటు లోపల ఎంతసేపైనా కూర్చునే వీల్లేదు. గడువు దాటితే బయటికెళ్లేటప్పుడు అదనంగా కట్టించుకుంటారు.

అమీర్‌పేటలో దిగి మారడం

ఇక అసలు పని. ఇది అయిదు నిమిషాలది, సామాను ఉంటే పది.

1. రైల్లో ఉండగానే మీరు పోవాల్సిన వైపు చివరి స్టేషను పేరు గుర్తుపెట్టుకోండి. హైటెక్ సిటీ వాళ్లకు “రాయదుర్గం”, కేపీహెచ్‌బీ వాళ్లకు “మియాపూర్”, నిమ్స్ ఆసుపత్రి వాళ్లకు “ఎల్బీనగర్”, సికింద్రాబాద్, ఉప్పల్ వాళ్లకు “నాగోల్”. ప్లాట్‌ఫారం బోర్డుల మీద కనిపించేది ఆ పేరే. మీ స్టేషను పేరు కోసం వెతికితే దొరకదు.

2. ఒక స్టేషను ముందే తలుపు దగ్గరికి జరగండి. ఎల్బీనగర్ వైపు నుంచి వస్తే పంజాగుట్ట, మియాపూర్ వైపు నుంచి అయితే ఎస్సార్ నగర్, సికింద్రాబాద్ వైపు నుంచి అయితే బేగంపేట. మూడు పెట్టెల రైలు, తలుపులు కొద్ది సెకన్లే తెరిచి ఉంటాయి.

3. దిగగానే అక్కడే నిలబడొద్దు. నాలుగడుగులు పక్కకు జరిగి, స్తంభం పక్కన సంచులు దించి, మనుషుల్ని లెక్కపెట్టుకుని, ఆ తర్వాత తలెత్తి బోర్డు చూడండి. గుంపు ఎటు పోతే అటు పోవడం ఇక్కడ పనికిరాదు. సగంమంది బయటికి పోతారు, సగం మంది లైను మారతారు.

4. రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు ఒకే అంతస్తులో లేవు. బోర్డు మీద మీ లైను రంగు, చివరి స్టేషను పేరు చూసుకుని మెట్లో ఎస్కలేటరో పట్టుకోండి. టికెట్ గేట్లు ఎదురయ్యాయంటే దారి తప్పినట్టే. వెనక్కి తిరగండి. క్యూఆర్ పెట్టి దాటారంటే టికెట్ అక్కడితో సరి, మళ్లీ కొనుక్కోవాలి.

5. ఎస్కలేటర్ అలవాటు లేని పెద్దవాళ్లను దాని మీద ఎక్కించే ప్రయోగం ఈ రద్దీలో చేయకండి. పంచె అంచు, చీర కుచ్చిళ్లు చిక్కుకునే ప్రమాదం ఉంది. లిఫ్ట్ ఉంది, కాసేపు ఆగితే సరి. చక్రాల పెట్టెలకు కూడా అదే దారి.

6. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనక నిలబడి, వచ్చే రైలు ఎంతదాకా పోతుందో ముందున్న తెర మీద చూడండి. రద్దీ వేళల్లో కొన్ని బండ్లు చివరిదాకా పోకుండా మధ్యలో తిరుగుతాయి. ఆడవాళ్లకు ఒక పెట్టెలో కొంత భాగం కేటాయించారు. నేల మీద గుర్తు ఉంటుంది, పిల్లల తల్లులు అటు వెళ్లడం సుఖం.

ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా రాయదుర్గం వైపు బండ్లు కిటకిటలాడతాయి. సాయంత్రం ఆఫీసులు వదిలాక ఇటు తిరిగొచ్చేవి అంతే. ఆ వేళలో రెండు పెట్టెలు, ఒక పచ్చడి డబ్బాతో ఎక్కాలని చూడకండి. ఒకటి రెండు బండ్లు వదిలేసినా లాభం ఉండదు, వెనకొచ్చేదీ నిండే వస్తుంది. మెట్రో ఎక్కకముందే, పదకొండు దాకా స్టేషను బయట టిఫిన్ చేసి రావడమే తెలివి. అమీర్‌పేట నుంచి రాయదుర్గం 9వ స్టేషను, దాదాపు ఇరవై నిమిషాలు. నిలబడి వెళ్లినా కొంప మునగదు.

మనుషులు విడిపోవడం ఇక్కడ మామూలు. తలుపులు మూసుకునేసరికి ఒకరు లోపల, ముగ్గురు బయట. దానికి ఇంట్లోనే ఒక నియమం పెట్టుకోండి: లోపల పోయినవాళ్లు పక్క స్టేషన్లో దిగి ఆ ప్లాట్‌ఫారం మీదే కదలకుండా నిలబడాలి, వెనకవాళ్లు తర్వాతి బండిలో అక్కడికి రావాలి. రాయదుర్గం వైపు పక్క స్టేషను మధురానగర్, మియాపూర్ వైపు ఎస్సార్ నగర్, నాగోల్ వైపు బేగంపేట, ఎల్బీనగర్ వైపు పంజాగుట్ట. వెతుక్కుంటూ రెండు పక్కలా తిరగడం మొదలుపెడితే పూటంతా అదే పని. ఫోన్ లేని పెద్దవాళ్ల జేబులో ఇంటివాళ్ల నంబరు రాసిన చీటీ పెట్టండి.

స్టేషను బయట పని ఉన్నవాళ్లకు

అమీర్‌పేటకి మన జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ కోర్సులకి వచ్చే పిల్లలే. ఆ కోచింగ్ సెంటర్లున్న మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ రెండూ స్టేషను నుంచి నడక దూరం. ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లకు మాత్రం ఎస్సార్ నగర్ స్టేషనులో దిగడం దగ్గర.

కోర్సుకి డబ్బు కట్టే ముందు రెండు మూడు చోట్ల డెమో క్లాసుల్లో కూర్చోండి, వాటికి డబ్బు తీసుకోరు. డెమో చెప్పిన ఆయనే కోర్సంతా చెబుతాడా అని అడగండి. బాగా చెప్పే మనిషి చేత డెమో చెప్పించి, తర్వాత వేరొకరిని పంపడం ఉంది. ఫీజు రెండు వాయిదాల్లో కడతామనండి, ఒప్పుకుంటారు. “ఉద్యోగం మాది గ్యారంటీ, అనుభవం సర్టిఫికెట్ ఇప్పిస్తాం” అనే మాట వినగానే లేచి రండి. పని చేయని కంపెనీలో చేసినట్టు కాగితం పెడితే పీఎఫ్ ఖాతా చూసినప్పుడు దొరికిపోతారు, ఉద్యోగంలో చేరాక తీసేసిన సందర్భాలూ ఉన్నాయి. పొలం కాగితాలు పెట్టి తెచ్చిన డబ్బు దీనికి పోయకండి.

హాస్టల్ చూడ్డానికి మధ్యాహ్నం పోతే అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి ఎనిమిదికి వెళ్లండి, అందరూ వచ్చి ఉంటారు. బాత్రూముకి ఎంతమందో, ట్యాంకులో నీళ్లు ఎంతసేపు వస్తాయో అప్పుడే తెలుస్తుంది. ఉంటున్న కుర్రాళ్లను భోజనం సంగతి అడగండి, యజమానిని అడ్వాన్సు సంగతి అడగండి: ఖాళీ చేసేటప్పుడు ఎంత కోత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మధ్య నెలలో వెళితే లెక్కేమిటి. జవాబు రశీదు మీద రాయించుకోండి. మొదటి వారం భోజనం చూసి నెల డబ్బు కట్టొద్దు, రెండో వారంలో పప్పుచారు పలచబడుతుంది.

ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాడు ఎస్సార్ నగర్, బల్కంపేట రోడ్లు మళ్లిస్తారు. ఆ రోజు హాస్టల్ మారే పని పెట్టుకోవద్దు.

ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్లు నిమ్స్‌కి పంజాగుట్ట గానీ ఎర్రమంజిల్ గానీ దిగాలి. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి, నిలోఫర్‌కి లక్డీకాపూల్ దగ్గర. గాంధీకి ఆకుపచ్చ లైనులో ఆ పేరుతోనే స్టేషనుంది. రోగితో వస్తే, ముఖ్యంగా ఖాళీ కడుపుతో పరీక్షలకి వస్తే, ఉదయం రద్దీ మొదలవకముందే చేరేలా బండి ఎంచుకోండి.

తిరుగు ప్రయాణం

రాత్రి బండికి సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు రాయదుర్గంలో నాగోల్ బండి ఎక్కితే మారే పని లేదు. కేపీహెచ్‌బీ, కూకట్‌పల్లి వాళ్లకే అమీర్‌పేట. మారడానికి పది నిమిషాలు, సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి ప్లాట్‌ఫారం మీద మీ పెట్టె దాకా నడవడానికి ఇరవై నిమిషాలు వేరే వేసుకోండి. బండి టైముకి గంటన్నర ముందు కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కితే కంగారు ఉండదు. పండగ ముందు రోజుల్లో అయితే రెండు గంటలు. మెట్రో రాత్రి పదకొండు దాటాక ఉండదు. అర్ధరాత్రి బస్సుకి ఎల్బీనగర్ వెళ్లాల్సినవాళ్లు ఆ లెక్కన ముందే చేరి అక్కడ కూర్చోవాలి, లేదంటే బస్సు అమీర్‌పేటలోనే ఎక్కించుకుంటుందేమో టికెట్ తీసేటప్పుడు అడగాలి. చాలావరకు ఎక్కించుకుంటాయి.